రక్తం ఎందుకు గడ్డకట్టదు?

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ పాములను పోగుచేశాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పో నగరంలో చాలా ఏళ్ళు వైద్యం చేసినవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన సోదరుడి వెంట 1781లో ఈ తీరానికి వచ్చాడు. తరువాత కంపెనీయే అతన్ని తన ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా నియమించుకుంది. కోరమాండల్ తీరపు పాముల మీద అతను రాసిన పుస్తకం 1796లో లండన్‌లో వెలువడింది. అందులో చాలా పాములను స్థానికులు తనకు చెప్పిన పేర్లతోనే నమోదు చేశాడు. వాటిలో ఒకదాని పేరు, అతను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నదాన్ని బట్టి చదివితే, ‘కటుక రేకుల పొడ’. కాటుక రేకుల పొడ అయ్యుండాలి. ఒంటి మీద కాటుకతో అంచు దిద్దినట్టున్న రేకుల వంటి పొడలు గల పాము అన్నమాట. ఇంత చక్కని పేరు తెలుగువాళ్ళ నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో గాని, ఈనాడు మనం ఆ పామును రక్తపింజర అంటున్నాం. ప్రపంచం మాత్రం ఆ వైద్యుడి పేరు మీదుగా రస్సెల్స్ వైపర్ అంటున్నది.

రక్తపింజర కాటులో మొదట భయపెట్టేది రక్తస్రావం. కాటు పడ్డ చోటు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది. మూత్రంలో రక్తం పడుతుంది. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ చేసే పరీక్ష చాలా సాదాది. రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన గొట్టాన్ని వంచి చూస్తారు. రక్తం నీళ్ళలా జారితే విషం ఎక్కిందని అర్థం. అయితే ఇదే విషాన్ని రవ్వంత తీసి ఆరోగ్యవంతుడి రక్తంలో కలిపితే ఆ రక్తం క్షణాల్లో గడ్డకడుతుంది. గడ్డకట్టించే విషం వల్ల రక్తం గడ్డకట్టకుండా పోవడమేమిటి?

సమాధానం ఇది. విషంలోని ఒక ఎంజైము రక్తంలో నిద్రాణంగా ఉన్న పదో ఫ్యాక్టరును, ఇంకొకటి ఐదో ఫ్యాక్టరును నేరుగా తట్టిలేపుతాయి. శరీరం ఈ పనిని గాయమైన చోట మాత్రమే, ఎన్నో అనుమతుల తరువాత చేస్తుంది. విషానికి ఏ అనుమతీ అక్కర్లేదు. రక్తప్రవాహమంతటా అదుపులేని స్కందనం మొదలై, గడ్డకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీను ఖర్చయిపోతుంది. తరువాత అసలు గాయం దగ్గర గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. అంటే, ఇక్కడ రోగిని తీవ్రంగా దెబ్బతీస్తున్నది గడ్డకట్టే శక్తి లేకపోవడం కాదు, దాని మీద అదుపు లేకపోవడం.

మన రక్తంలో గడ్డకు కావలసిన సామగ్రి అంతా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. పది మిల్లీలీటర్ల రక్తంలోని ప్రోథ్రాంబిన్ మొత్తం ఒక్కసారిగా థ్రాంబిన్‌గా మారితే శరీరంలోని రక్తాన్నంతా గడ్డకట్టించగలదని పాఠ్యపుస్తకాలు లెక్క చెబుతాయి. అలాంటి ద్రవం డెబ్భై ఎనభై ఏళ్ళు నరాల్లో పారుతూ ఉంటుంది. కూరగాయలు తరుగుతూ వేలు తెగితే కొద్ది నిమిషాల్లో అక్కడ గడ్డ కడుతుంది. కట్టిన గడ్డ మోచేతి దాకా పాకదు. కాబట్టి రక్తం ఎందుకు గడ్డకడుతుందన్న ప్రశ్న ఎంత పెద్దదో, మిగతా సమయమంతా ఎందుకు గడ్డకట్టదన్నదీ అంతే పెద్ద ప్రశ్న. మొదటి ప్రశ్నకు కీర్తి దక్కింది, పాఠ్యపుస్తకాల్లో బాణాల గుర్తులతో పెద్ద పటం దక్కింది. రెండోదాని చరిత్ర చెదురుమదురుగా, పక్కదారుల్లో, తరచు వేరే పని మీద ఉన్నవారి చేతుల్లో నడిచింది. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

ఆ ప్రశ్నను ప్రయోగానికి పెట్టిన తొలి తరంవాడు లండన్‌కు చెందిన విలియం హ్యూసన్. 1770ల మొదట్లో అతను కుక్క మెడలోని సిరను రెండు చోట్ల దారంతో బిగించి, మధ్యలో చిక్కుకున్న రక్తాన్ని కొన్ని గంటల తరువాత చూశాడు. ప్రవాహం ఆగినా అందులో చాలా భాగం ద్రవంగానే ఉంది. గిన్నెలోకి తీసిన రక్తమైతే నిమిషాల్లోనే గడ్డకట్టేది. రక్తం చల్లారడం వల్లనో, కదలిక ఆగడం వల్లనో గడ్డకడుతుందన్న పాత నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ. హ్యూసన్ 1774లో, శవపరీక్షలో తగిలిన గాయం విషమించి, ముప్పై నాలుగేళ్ళకే చనిపోయాడు.

సిరలో రక్తం ఎందుకు ద్రవంగా ఉందన్న దాని మీద పందొమ్మిదో శతాబ్దంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. వియన్నాలో ఎర్నెస్ట్ బ్రూకే తాబేళ్ళ గుండెలతో ప్రయోగాలు చేసి, సజీవమైన నాళపు గోడే రక్తాన్ని గడ్డకట్టకుండా పట్టి ఉంచుతుందని 1857లో వాదించాడు. తరువాత క్రిమిరహిత శస్త్రచికిత్సకు ఆద్యుడిగా పేరుపొందిన జోసెఫ్ లిస్టర్ 1863లో రాయల్ సొసైటీ ఉపన్యాసంలో దీన్ని తోసిపుచ్చాడు. నాళపు గోడ చేసేదేమీ లేదు, పరాయి వస్తువు తాకడమే రక్తాన్ని రెచ్చగొడుతుంది, ఆరోగ్యకరమైన గోడ ఆ రెచ్చగొట్టే పని చేయదు, అంతే అన్నాడు. గోడ కాపలాదారా, లేక కేవలం మంచి పొరుగువాడా? నా ఉద్దేశంలో మొత్తం చరిత్రలో ఇదే అసలు తగవు. ఇది తేలడానికి నూటపాతికేళ్ళు పట్టింది. కారణం, అప్పటికి రెండు పక్షాల దగ్గరా రసాయనశాస్త్రం లేదు.

ఆ రసాయనశాస్త్రాన్ని మొదలుపెట్టినవాడు ఈనాటి ఎస్తోనియాలోని డోర్పాట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెగ్జాండర్ ష్మిట్. ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మార్చేది ఒక ఎంజైమని గుర్తించి, తరువాత దానికి థ్రాంబిన్ అని పేరుపెట్టాడు. ఇంకో విషయమూ అతని కంటబడింది. గడ్డకట్టాక మిగిలిన తేటలో థ్రాంబిన్ మొదట చురుగ్గా ఉంటుంది. కాసేపు ఉంచితే ఆ చురుకు తగ్గిపోతుంది. పుట్టిన చోటే ఏదో దాన్ని మింగేస్తున్నది. 1905లో పాల్ మొరావిట్జ్ అప్పటిదాకా తెలిసినదంతా కూర్చి, కాల్షియంతో సహా నాలుగు పదార్థాలతో స్కందన సిద్ధాంతం రాసినప్పుడు, ఆ మింగే పదార్థానికి యాంటీథ్రాంబిన్ అన్న పేరు వాడాడు. పేరుంది, వస్తువు చేతికి దొరకలేదు. తరువాతి అరవై ఏళ్ళూ అది దాదాపు అలా పేరుగానే మిగిలింది.

ఈలోగా ప్రయోగశాలల్లో రక్తాన్ని ద్రవంగా ఉంచవలసి వస్తే జలగలే దిక్కు. జలగ నోటి స్రావం గడ్డకట్టడాన్ని ఆపుతుందని జాన్ హేక్రాఫ్ట్ 1884లో చూపాడు. సుశ్రుతుడి కాలం నుంచి జలగలు పట్టించిన దేశంలో జలగ వదిలాక కూడా రక్తం కారుతూనే ఉండటం కొత్త విషయమేమీ కాదు గాని, అందులోని పదార్థాన్ని వేరుచేసి వాడవచ్చునన్నది కొత్త. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ ఏబెల్ బృందం 1913లో జంతువుల రక్తాన్ని యంత్రం గుండా పంపి శుద్ధిచేసే ప్రయోగాన్ని తొలిసారి చేసినప్పుడు వాడింది జలగల సారమే.

అదే విద్యాసంస్థలో మూడేళ్ళ తరువాత జరిగిన కథ వైద్యచరిత్రలో ప్రసిద్ధం. జే మెక్లీన్ అనే రెండో ఏడాది వైద్యవిద్యార్థికి ఆచార్యుడు విలియం హోవెల్ ఒక చిన్న పని అప్పగించాడు. మెదడు నుంచి తీసిన కెఫాలిన్ అనే కొవ్వు పదార్థం రక్తాన్ని త్వరగా గడ్డకట్టిస్తుంది. ఆ గుణం కెఫాలిన్‌దేనా, అందులో కలిసిన మలినానిదా తేల్చాలి. మెక్లీన్ పోలిక కోసం గుండె నుంచి, కాలేయం నుంచి కూడా అటువంటి సారాలు తీశాడు. కొన్ని నమూనాలు పాతబడే కొద్దీ గడ్డకట్టించే గుణం పోగొట్టుకున్నాయి. అక్కడితో ఆగక, కాలేయపు సారం గడ్డకట్టడాన్ని ఆపడం మొదలుపెట్టింది. మెక్లీన్ చివరి రోజుల్లో రాసుకున్న జ్ఞాపకం ప్రకారం, పిల్లి రక్తం ఉన్న ఒక పాత్రలో ఆ సారం కలిపి హోవెల్ బల్ల మీద పెట్టి, ఇది గడ్డకట్టినప్పుడు నన్ను పిలవండని చెప్పాడట. అది గడ్డకట్టనే లేదు. 1916 నాటి అతని వ్యాసంలో ఈ సంగతి చివర్లో, పెద్దగా ఊదరగొట్టకుండా ఉంది. హోవెల్ 1918లో ఈ పదార్థానికి గ్రీకులో కాలేయం అన్న మాట నుంచి హెపారిన్ అని పేరుపెట్టాడు.

హెపారిన్‌ను ఎవరు కనిపెట్టారన్న తగాదా తరువాత చాలాకాలం నడిచింది. విద్యార్థి శ్రమను ఆచార్యుడు కాజేశాడని కొందరు, శిష్యుడు కంటబడ్డదాన్ని వదిలేసి వెళ్ళిపోతే గురువు దాన్ని నిలబెట్టాడని మరికొందరు. నాకు ఈ తగాదాలో ఇద్దరి పక్షాన్నీ పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. మెక్లీన్ చూసింది కొవ్వు జాతి పదార్థం. హోవెల్ 1920లలో వేరుచేసింది నీటిలో కరిగే పిండిపదార్థపు జాతిది. ఈనాడు ఆసుపత్రుల్లో వాడే హెపారిన్ రెండోదానికి వారసురాలు. పేరు మాత్రం మొదటిదాని నుంచి వచ్చింది. ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఈ గొడవలో మరుగునపడింది. 1918 నాటి వ్యాసంలో హోవెల్, అతని విద్యార్థి హోల్ట్ రెండు పదార్థాలను ప్రతిపాదించారు. ఒకటి హెపారిన్. రెండోది రక్తంలో సహజంగా ఉండి, హెపారిన్ తోడైతే పనిలోకి దిగే ‘ప్రో యాంటీథ్రాంబిన్’. సీసాలో పోసి అమ్మగలిగినదాన్ని లోకం పట్టుకుంది. శరీరం తనంతట తాను వాడుకునే రెండోదాన్ని మరిచిపోయింది.

పట్టుకున్నది వృథా పోలేదు. ఇన్సులిన్ చరిత్రలో పేరుపొందిన చార్లెస్ బెస్ట్ టొరంటోలో ఒక బృందాన్ని కూర్చి హెపారిన్‌ను శుద్ధిచేయించాడు; అక్కడే 1935లో గోర్డన్ మరే దాన్ని మనుషులకు ఇచ్చాడు. స్వీడన్‌లో ఎరిక్ యోర్పెస్ దాని నిర్మాణాన్ని చాలావరకు తేల్చాడు. క్లారెన్స్ క్రాఫోర్డ్ శస్త్రచికిత్స తరువాత సిరల్లో గడ్డలు రాకుండా దాన్ని వాడాడు. గుండె ఆపరేషన్లకు వాడే యంత్రం, డయాలిసిస్ యంత్రం రెండూ దాని మీద ఆధారపడ్డాయి. అయితే అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. 1939లో ఐయోవాలో కెన్నెత్ బ్రింక్‌హస్ బృందం ఒక సూటి ప్రయోగం చేసింది. శుద్ధిచేసిన ప్రోథ్రాంబిన్, ఫైబ్రినోజెన్లతో గడ్డ తయారుచేస్తూ హెపారిన్ కలిపితే పెద్దగా ప్రభావం లేదు. కాస్త ప్లాస్మా చేరిస్తేనే గడ్డ ఆగింది. హెపారిన్ స్వయంగా ఏమీ చేయదు, రక్తంలోని మరొకరి చేత చేయిస్తుంది. హోవెల్ చెప్పినదే మళ్ళీ రుజువైంది.

ఆ మరొకరిని పట్టుకునే లోపు పేర్ల గందరగోళం వచ్చింది. వాల్టర్ సీగర్స్, అతని సహచరులు 1950లలో థ్రాంబిన్ చురుకును తగ్గించే గుణాలన్నింటికీ ఒకటి, రెండు, మూడు అని యాంటీథ్రాంబిన్ అంకెలు వేసుకుంటూ పోయారు. కాలక్రమంలో వాటిలో మూడోది మాత్రమే నిఖార్సైన నిరోధకంగా నిలిచింది. అలా చాలాకాలం మొదటిదీ రెండోదీ లేని ‘యాంటీథ్రాంబిన్ మూడు’ అనే వింత పేరు వైద్యపుస్తకాల్లో ఉండేది. 1990లలో ఆ అంకె తీసేశారు.

ఈ దశలో గడ్డకట్టించే పక్షం కథ ఒక కొలిక్కి వచ్చింది. దానిలో రక్తపింజరకు మంచి పాత్రే ఉంది. లండన్ యువవైద్యుడు గ్విన్ మాక్‌ఫార్లేన్ 1934లో, జంతుప్రదర్శనశాలలో సరీసృపాల పాలకుడైన బర్గెస్ బార్నెట్‌తో కలిసి పాము విషాలను పరీక్షించాడు. రక్తపింజర విషాన్ని బాగా పలచన చేసి హీమోఫీలియా రోగుల గాయం మీద అద్దితే రక్తం నిలిచింది. ఆ మందు కొంతకాలం బజారులో కూడా అమ్ముడుపోయింది. అదే మాక్‌ఫార్లేన్ ముప్పై ఏళ్ళ తరువాత, 1964లో, స్కందనం మొత్తాన్ని ఒక ఎంజైము మరోదాన్ని, అది ఇంకోదాన్ని మేల్కొలిపే మెట్ల వరుసగా చిత్రించాడు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో ఎర్ల్ డేవీ, ఆస్కార్ రాట్నాఫ్ విడిగా అదే ఊహను జలపాతంతో పోల్చి ప్రకటించారు. ఒక్కో మెట్టులో ఒక అణువు ఎన్నో అణువులను లేపుతుంది కనుక చిన్న కబురు పెద్ద సంకేతమవుతుంది. అయితే ఈ పటంలో కిందికి దూకడమే ఉంది, ఆగడం లేదు.

రాట్నాఫ్ దగ్గరకు అంతకు పదేళ్ళ ముందు జాన్ హేగ్‌మన్ అనే రైల్వే కార్మికుడు వచ్చాడు. అతని రక్తం గాజు గొట్టంలో ఎంతకీ గడ్డకట్టదు. కానీ అతనికి జీవితంలో రక్తస్రావపు బాధే లేదు. అతనిలో లోపించినది గాజు వంటి పరాయి వస్తువు తాకగానే మేల్కొనే పన్నెండో ఫ్యాక్టరు. గాజును గుర్తుపట్టే ఈ వ్యవస్థ లిస్టర్ చెప్పిన పరాయి వస్తువు వాదానికి రసాయన రూపం. అది లేకపోయినా మనిషికి ఏమీ కాకపోవడం ఆ వాదానికి హద్దు గీసింది. హేగ్‌మన్ 1968లో ప్రమాదంలో కటి ఎముక విరిగి, రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడి చనిపోయాడు. ఆయన చేసిన ఉద్యోగం రైల్లో బ్రేక్‌మన్. చరిత్ర ఒక్కోసారి ఇంత మోటుగా హాస్యమాడుతుంది.

బ్రేకు నిజంగా ఉందని, అది లేకపోతే మనుషులు జబ్బు పడతారని తెలిపింది నార్వేలోని ఒక కుటుంబం. ఓస్లోలో ఓలవ్ ఎగెబెర్గ్ 1965లో వారి గురించి రాశాడు. ఆ కుటుంబంలో తరతరాలుగా సిరల్లో గడ్డలు. గడ్డకట్టించే ఫ్యాక్టర్లు ఏవీ ఎక్కువ లేవు. వారిలో లోపించింది యాంటీథ్రాంబిన్. అదీ పూర్తిగా కాదు, మామూలులో సుమారు సగం ఉంది. ఈ సగం దగ్గర కాస్త ఆగాలి. గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టరు సగమే ఉన్న స్త్రీలు, హీమోఫీలియా జన్యువును మోసేవారు, చాలామంది ఏ బాధా లేకుండా బతుకుతారు. మన దేహంలో చాలా ఎంజైములు సగానికి తగ్గినా పని గడుస్తుంది. యాంటీథ్రాంబిన్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. ప్రకృతి గడ్డకట్టించే సరుకును దండిగా నిలవచేసి, ఆపే సరుకును సరిపడా మాత్రమే ఉంచిందన్నమాట. అడవిలో గాయపడి బతికిన జంతువుల వారసులం కనుక ఈ పక్షపాతం అర్థమయ్యేదే.

ఓస్లోలోనే ఉల్రిక్ ఆబిల్డ్‌గార్డ్ 1968లో యాంటీథ్రాంబిన్‌ను శుద్ధిచేశాడు. 1973లో అమెరికాలో రాబర్ట్ రోజెన్‌బర్గ్, పాల్ డామస్ లెక్క తేల్చారు. ఒక థ్రాంబిన్ అణువుకు ఒక యాంటీథ్రాంబిన్ అణువు అతుక్కుని రెండూ వాడుకలోంచి తొలగిపోతాయి. మామూలుగా ఇది నెమ్మదిగా సాగుతుంది. హెపారిన్ తగిలినప్పుడు యాంటీథ్రాంబిన్ ఆకారం మారి ఆ పని వెయ్యి రెట్ల దాకా వేగం పుంజుకుంటుంది. మొరావిట్జ్ యాంటీథ్రాంబిన్, హోవెల్ ప్రో యాంటీథ్రాంబిన్, బ్రింక్‌హస్ గుర్తించిన తోడు పదార్థం, అన్నీ ఒకటే. మరి రక్తంలో హెపారిన్ దాదాపు ఉండదే, శరీరం ఏం వాడుకుంటుంది? నాళపు గోడ లోపొర మీద హెపారిన్‌కు దగ్గరి చుట్టమైన హెపరాన్ సల్ఫేట్ గొలుసులు ఉంటాయి. కాపలా గోడ మీదే ఉందన్న బ్రూకే మాటకు ఇది మొదటి సాక్ష్యం.

రెండో సాక్ష్యం మరింత గట్టిది. స్వీడన్‌లోని మాల్మోలో యోహాన్ స్టెన్‌ఫ్లో 1976లో ఎద్దు ప్లాస్మా నుంచి విటమిన్ కె సాయంతో తయారయ్యే కొత్త ప్రోటీనును వేరుచేశాడు. వడపోతలో మూడో గుట్టగా దిగింది కనుక దానికి ప్రోటీన్ సి అని పేరు. సీగర్స్ 1960లోనే గమనించి ఎవరికీ మింగుడుపడని పేరుతో వర్ణించిన పదార్థం ఇదేనని తరువాత తేలింది. ఇది మేల్కొంటే ఐదో, ఎనిమిదో ఫ్యాక్టర్లను ముక్కలు చేసి, జలపాతాన్ని మధ్యలో కొట్టేస్తుంది. దాన్ని మేల్కొలిపేది థ్రాంబినే. కానీ గొట్టంలో రెంటినీ కలిపితే ఆ పని నత్తనడక. 1981లో చార్లెస్ ఎస్మన్, వైట్ ఓవెన్ ఆ మిశ్రమాన్ని కుందేలు గుండెలోని సన్నని రక్తనాళాల గుండా పంపారు. ఇవతలికి వచ్చేసరికి ప్రోటీన్ సి చురుగ్గా మేల్కొని ఉంది. వేగం వేల రెట్లు పెరిగింది. నాళపు గోడ కణాల మీద ఉన్న ఒక ప్రోటీను థ్రాంబిన్‌ను పట్టుకుని దాని స్వభావాన్నే మార్చేస్తున్నది. దానికి థ్రాంబోమాడ్యులిన్ అని పేరుపెట్టారు. దాని చేతికి చిక్కిన థ్రాంబిన్ ఇక ఫైబ్రినోజెన్‌ను ముట్టదు. ప్రోటీన్ సిని మేల్కొలుపుతుంది. గడ్డకట్టించే ఎంజైమే గడ్డను ఆపేదవుతుంది. గాయం దగ్గర గోడ చిరిగి ఉంటుంది గనుక అక్కడ థ్రాంబిన్ తన మొదటి పని చేస్తుంది. అక్కడి నుంచి కొట్టుకుపోయి క్షేమంగా ఉన్న గోడను తాకితే రెండో పనికి మారుతుంది. కేశనాళికల్లో రక్తం కొంచెం, గోడ ఎక్కువ. అందుకే అక్కడ ఈ మార్పు అత్యంత బలంగా జరుగుతుంది. తెగిన వేలి గడ్డ మోచేతికి పాకకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. బ్రూకే, లిస్టర్ల తగవు ఇక్కడ తీరింది. గోడ కాపలాదారే, అదీ దొంగను పట్టి పోలీసుగా మార్చే రకం.

వైద్యులకు ఈ జ్ఞానం వెంటనే పనికివచ్చింది. వార్ఫరిన్ విటమిన్ కె మీద ఆధారపడ్డ ప్రోటీన్లన్నింటినీ తగ్గిస్తుంది. వాటిలో గడ్డకట్టించేవీ ఉన్నాయి, ప్రోటీన్ సి కూడా ఉంది. ప్రోటీన్ సి ఆయుష్షు గంటల్లో ఉంటుంది కనుక అదే ముందు పడిపోతుంది. అలా గడ్డలు ఆపడానికి ఇచ్చిన మందు తొలి రోజుల్లో కొద్దిమందిలో చర్మంలోని చిన్న నాళాల్లో గడ్డలు కట్టించి చర్మాన్ని కుళ్ళబెడుతుంది. గడ్డలకు వార్ఫరిన్ మొదలుపెట్టేటప్పుడు కొన్నాళ్ళు హెపారిన్ తోడుగా ఇవ్వడంలోని మర్మం ఇదే.

అమెరికాలోనో ఇంగ్లండులోనో కాలి సిరలో గడ్డ కట్టి ఆసుపత్రికి వెళ్ళినవారికి లైడెన్ అన్న నెదర్లాండ్స్ ఊరిపేరు వినిపించి ఉంటుంది. 1993లో మాల్మోలో బ్యోర్న్ డాల్‌బెక్, పదేపదే గడ్డలు వచ్చే ఒక రోగి ప్లాస్మాలో మేల్కొన్న ప్రోటీన్ సి కలిపి చూశాడు. గడ్డకట్టే సమయం పెరగాలి, పెరగలేదు. లోపం బ్రేకులో కాదు, బ్రేకు పట్టవలసిన చక్రంలో ఉంది. మరుసటి ఏడాది లైడెన్‌లో రోజియర్ బెర్టినా బృందం కారణం చెప్పింది. ఐదో ఫ్యాక్టరులో 506వ స్థానంలో ఒక ఆమ్లం మారింది. ప్రోటీన్ సి కత్తిరించే చోటు అదే. ఐరోపా మూలాలున్నవారిలో సుమారు ఇరవైమందిలో ఒకరికి ఈ మార్పు ఉంటుంది. తూర్పు ఆసియా, ఆఫ్రికా మూలవాసుల్లో ఇది దాదాపు కనబడదు, మన దేశస్థుల్లోనూ తక్కువే. కాబట్టి అక్కడ ఈ పరీక్ష మామూలుగా తేలితే మనవాళ్ళు నిశ్చింతపడకూడదు. యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సి, దానికి తోడుండే ప్రోటీన్ ఎస్ లోపాలను విడిగా వెతకాలి. ఈ ఎస్ అన్న అక్షరం సియాటిల్ నగరానిది.

బ్రేకు మరీ బిగిస్తే ఏమవుతుందో పిట్స్‌బర్గ్‌లోని ఒక బాలుడి కథ చెబుతుంది. అతనికి తరచు తీవ్రమైన రక్తస్రావం. 1978లో అక్కడి వైద్యులు అతని రక్తంలో థ్రాంబిన్‌ను ఆపే ఒక అసాధారణ పదార్థం ఉందని రాశారు. బాలుడు పద్నాలుగో ఏట రక్తస్రావంతోనే చనిపోయాడు. నిల్వ ఉంచిన నమూనాలను న్యూజీలండులోని క్రైస్ట్‌చర్చ్‌లో రాబిన్ కారెల్ బృందం విశ్లేషించి 1983లో ఫలితం ప్రకటించింది. ఆ పదార్థం యాంటీట్రిప్సిన్. ఊపిరితిత్తులను మన తెల్లకణాల ఎంజైముల నుంచి కాపాడే ప్రోటీను అది. దానికి స్కందనంతో సంబంధం లేదు. ఆ బాలుడిలో 358వ స్థానంలో మెథియొనీన్ బదులు ఆర్జినీన్ వచ్చి పడింది. ఆ ఒక్క మార్పుతో ఊపిరితిత్తుల కాపలాదారు యాంటీథ్రాంబిన్‌గా మారిపోయింది. హెపారిన్ అవసరం లేకుండా, విశ్రాంతి లేకుండా థ్రాంబిన్‌ను పట్టే యాంటీథ్రాంబిన్. యాంటీట్రిప్సిన్ రక్తంలో విస్తారంగా ఉండే ప్రోటీను. శరీరంలో వాపు, గాయం ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది. రక్తం గడ్డకట్టడం మరీ అవసరమైన వేళకే అడ్డుకునేది పెరిగిందన్నమాట.

ఈ రెండు ప్రోటీన్లూ ఒకే వంశానివని కూడా దీనితో స్థిరపడింది. సెర్పిన్లనే ఈ వంశం పనిచేసే తీరు ఎలుకబోనును పోలి ఉంటుంది. అణువు పైన ఎరగా ఒక ఉచ్చు వేలాడుతుంటుంది. ఎంజైము దాన్ని కొరకగానే ఉచ్చు స్ప్రింగులా లోపలికి దూసుకుపోయి, అతుక్కున్న ఎంజైమును అణువు రెండో చివరికి ఈడ్చి, దాని ఆకారాన్ని నలిపేస్తుంది. కారెల్ సహచరులు 2000లో ఈ దృశ్యాన్ని స్ఫటిక చిత్రంగా చూపారు. బోను ఒక్కసారే పనిచేస్తుంది. పడిన ఎలుకతో పాటు బోనూ పోతుంది.

జలపాతం మొదటి మెట్టు దగ్గర కూడా ఒక నిరోధకం ఉంది. 1957లోనే ఓస్లోలో పీటర్ హ్యోర్ట్ దాని ఉనికిని పసిగట్టాడు. 1980లలో ఎల్. వి. ఎం. రావు, శామ్యూల్ రాపపోర్ట్ ఒకవైపు, జార్జ్ బ్రోజ్ మరోవైపు దాని పనితీరును వెలికితీశారు. గాయం దగ్గర స్కందనం మొదలై కొద్దిగా పదో ఫ్యాక్టరు మేల్కొనగానే ఈ నిరోధకం దాన్నీ, ఆ మొదలుపెట్టిన జంటనూ కలిపి కట్టేస్తుంది. ఎనిమిదో, తొమ్మిదో ఫ్యాక్టర్లు లేని హీమోఫీలియా రోగులకు రక్తం ఎందుకు ఆగదన్న పాత చిక్కు దీంతో విడింది. వారిలో మొదటి నిప్పురవ్వ మామూలుగానే పుడుతుంది. ఈ నిరోధకం దాన్ని ఆర్పేలోపు మంటను అందుకునే ఆ రెండు ఫ్యాక్టర్లే లేవు.

హీమోఫీలియాతో పాటు లైడెన్ మార్పు కూడా వారసత్వంగా వచ్చిన కొందరిలో రక్తస్రావం తక్కువగా ఉండటాన్ని వైద్యులు గమనించారు. ఇంజను బలహీనంగా ఉన్న బండికి బ్రేకూ సడలిస్తే ముందుకు సాగుతుందన్న ఆలోచన అక్కడి నుంచి పుట్టింది. ఫిటుసిరాన్ అనే మందు కాలేయంలో యాంటీథ్రాంబిన్ తయారీకి వెళ్ళే జన్యు సందేశాన్ని చెరిపేస్తుంది. ఎగెబెర్గ్ నార్వే కుటుంబంలో జబ్బుగా గుర్తించిన లోపాన్నే ఇది చికిత్సగా కలిగిస్తుంది. 2017లో ప్రయోగదశలో ఒక రోగి మెదడు సిరలో గడ్డ కట్టి చనిపోవడంతో పరీక్షలు కొంతకాలం ఆగాయి. తరువాత మోతాదు పద్ధతి మార్చారు. అందరికీ ఒకే మోతాదు గాక, రక్తంలో యాంటీథ్రాంబిన్‌ను కొలుస్తూ, అది మామూలు స్థాయిలో 15 నుంచి 35 శాతం మధ్య నిలిచేలా ఇంజెక్షన్ల మధ్య ఎడాన్ని సరిచేస్తారు. అమెరికా ఔషధ సంస్థ 2025 మార్చిలో ఈ పద్ధతికే అనుమతినిచ్చింది. నార్వే కుటుంబంలో సగానికి తగ్గితే ప్రమాదమైన పదార్థం, హీమోఫీలియా రోగిలో మూడోవంతుకు తగ్గితే మేలు చేస్తున్నది; 15 శాతం కన్నా దిగితే వైద్యుడు తదుపరి ఇంజెక్షన్‌ను వాయిదా వేస్తాడు.